బోను దాటిన మృగము – జనుల నడవడి

జంతు ప్రదర్శనశాలలో కడ్డీలకు ఇవతల నిలబడి పులిని చూచునపుడు మనకు భయము కలుగదు. పిల్లలు దానిని చూచి కేరింతలు కొట్టుదురు. కాని ఆ పులియే బోను దాటి పోయినదని ఎవరైన చెప్పినచో, దానిని కంట చూడకముందే గుండె దడదడలాడును. పులి స్వభావము ఏమియు మారలేదు. మధ్య నున్న అడ్డు తొలగినది, అంతే. అట్టి వార్త వినినపుడు ఊరి జనులు ఏమి చేయుదురు? ఇది కేవలము వినోదమునకు అడుగు ప్రశ్న కాదు. జనులు ప్రవర్తించు తీరును బట్టియే మనుష్యుల ప్రాణములు దక్కుటయో పోవుటయో జరుగును. పెక్కుసార్లు ఆ జంతువు ప్రాణము సయితము దాని మీదనే ఆధారపడి యుండును.

మృగము లేకనే భయము

1874 నవంబరు 9వ తేదీన న్యూయార్క్ హెరాల్డ్ అను అమెరికా దినపత్రికలో ఒక భయంకరమైన వార్త వెలువడినది. సెంట్రల్ పార్కు జంతుశాలలోని క్రూరమృగములు తప్పించుకొని వీధులలో పడినవనియు, 49 మంది మరణించిరనియు, 200 మంది గాయపడిరనియు అందు వ్రాయబడి యుండెను. తీరా చూడగా, అదంతయు కల్పితమని ఆ సుదీర్ఘమైన వార్త చివరి పేరాలోనే ఒప్పుకొని యున్నారు. జంతుశాలలో రక్షణ ఏర్పాట్లు చాలవని హెచ్చరించుటకే ఇట్లు చేసితిమని పత్రికవారు సమర్థించుకొనిరి. కాని చివరి పేరా వరకు చదువు ఓపిక ఎందరికి ఉండును? పై పంక్తులు చదివి తలుపులు బిగించుకొన్న వారున్నారనియు, తుపాకులు పట్టుకొని బయలుదేరిన వారున్నారనియు చెప్పుదురు. మృగమునకంటె మృగమును గూర్చిన మాట వేగముగా పరుగెత్తునని ఈ ఉదంతము తెలుపుచున్నది.

లేనిది కనబడుట

భయము కంటె విచిత్రమైనది మరొకటి కలదు. 1978లో హాలెండు దేశమందలి రాటర్‌డాం జంతుశాల నుండి ఎర్ర పాండా యొకటి తప్పించుకొనిపోయెను. అది పిల్లికంటె కొంచెము పెద్దదిగా నుండు సాధుజంతువు. దానిని చూచినవారు తెలుపవలసినదిగా పత్రికలలో ప్రకటన వెలువడినది. దేశము నలుమూలల నుండి నూరు వరకు సమాచారములు వచ్చిపడెను. కాని పాపము, ఆ జంతువు అప్పటికే జంతుశాలకు సమీపముననే మరణించి యుండెను! ఇన్ని చోట్ల జనులు చూచినది మరేదో జంతువును.

వారందరు అబద్ధములాడిరని అనుకొనరాదు. మసక వెలుతురులో కన్ను మెదడునకు అందించు సమాచారము అసంపూర్ణముగా నుండును. ఆ లోటును మెదడు తన యెదురుచూపుతో పూరించుకొనును. పాండాను గూర్చి చదివినవానికి కుక్క తోకయు పాండా తోకవలెనే తోచును.

దీనిని ఒక చిన్న లెక్కతో గ్రహింపవచ్చును. పది లక్షల మంది యున్న పట్టణములో ఒక జంతువు తప్పించుకొన్నదనుకొందము. పదివేల మందిలో ఒక్కడు మాత్రమే ఏ కుక్కనో, పిల్లినో చూచి పొరబడెననుకొందము. అనగా 9,999 మంది సరిగానే చూచినారు. అయినను పొరపాటు కబుర్లు నూరు వచ్చును. నిజముగా చూచినవారు ఇద్దరో ముగ్గురో ఉందురు. ఆ రెండు మూడు నిజములు నూరు పొరపాట్ల మధ్య గడ్డివాములో సూదివలె దాగిపోవును.

మెదడు ఇట్లు పొరబడుటకు మరొక కారణము కూడ కలదు. పొదను చూచి పులి యనుకొనుట ఒక తప్పు. పులిని చూచి పొద యనుకొనుట మరొక తప్పు. మొదటిదానివలన కలుగు నష్టము కొంచెము ఆయాసము మాత్రమే. రెండవదానివలన ప్రాణమే పోవచ్చును. కనుక అపాయమున్నదని వినినంతనే మెదడు మొదటి తప్పునకు సిద్ధపడి, రెండవదానిని తప్పించుకొన జూచును. ఇది మూఢత్వము కాదు, ఆత్మరక్షణ.

2023 జూలైలో జర్మనీ దేశమున బెర్లిను నగరము అంచున ఆడసింహము తిరుగుచున్నదని ఒక చలనచిత్రమును బట్టి భావించి, వందలకొలది పోలీసులు హెలికాప్టర్లతోను, డ్రోనులతోను వెదకిరి. ప్రజలను ఇండ్లలో నుండుడని హెచ్చరించిరి. ఏ జంతుశాలలోను సింహము తగ్గలేదు. తుదకు చిత్రములోని ఆకారమును పరీక్షించిన నిపుణులు అది అడవిపంది యని తేల్చిరి.

పారిపోవుటకు మారుగా పరుగెత్తి వచ్చుట

ఆపద కలిగినపుడు జనులు వెఱ్ఱెత్తినట్లు పారిపోవుదురని సామాన్యముగా అనుకొందుము. విపత్తులలో ప్రజల నడవడిని పరిశీలించుటకు 1963లో అమెరికాలోని ఒహాయో స్టేట్ విశ్వవిద్యాలయమందు ఒక పరిశోధన కేంద్రము నెలకొల్పబడినది. అచటి పరిశోధకులు కనుగొన్నది ఇందుకు భిన్నముగా నున్నది. మతి తప్పి పారిపోవుట అరుదు. ఒకరికొకరు సాయపడుటయు, ఆపద జరిగిన చోటికే గుంపులు గుంపులుగా చేరుటయు ఎక్కువ. ఫ్రిట్జ్, మాథ్యూసన్ అను వారు 1957లోనే ఈ గుమికూడు స్వభావమును వివరించి యుండిరి.

1965లో లండను జంతుశాల నుండి గోల్డీ అను పెద్ద డేగ యొకటి ఎగిరిపోయెను. దానిని పట్టుటకు 12 రోజులు పట్టెను. ఆ రోజులలో రీజెంట్స్ పార్కునకు వేలకొలది జనులు తీర్థమునకు వలె తరలివచ్చిరి. చుట్టుప్రక్కల వీధులలో వాహనములు కదలక నిలిచిపోయెను. డేగ విషయములో ఇది వేడుకయే. అదే పులి గాని చిరుత గాని అయినచో, ఆ గుంపే పెద్ద అపాయము. ఎందువలననో ఇక చూతము.

జంతువు పక్షమున

స్విట్జర్లండు దేశపు జంతుశాస్త్రజ్ఞుడు హైనీ హెడిగర్ బెర్న్, బాసెల్, జ్యూరిక్ జంతుశాలలకు అధ్యక్షుడుగా పని చేసినవాడు. ప్రతి అడవి జంతువునకును ఒక పలాయన దూరము కలదని ఆయన వివరించెను. శత్రువు అంతకంటె దగ్గరకు వచ్చినచో జంతువు పారిపోవును. పారిపోవుటకు దారి లేక, శత్రువు ఇంకను దగ్గరకు వచ్చినచో అది తిరుగబడును. ఈ రెండవ హద్దును సంకట దూరము అనవచ్చును. గుంపు నాలుగు వైపుల క్రమ్ముకొన్నపుడు జంతువునకు పలాయన మార్గము మూసుకొనిపోవును. పారిపోవలసిన జంతువును మనమే మీద పడు జంతువుగా మార్చుచున్నాము. పల్లెలో చిరుత ప్రవేశించినపుడు కర్రలతో చుట్టుముట్టిన వారే గాయపడుటకు కారణము ఇదియే.

బోను జంతువునకు చెఱసాల మాత్రమే కాదు, దానికి తెలిసిన ఏకైక నివాసము కూడను. క్రొత్త చోట దానికి బెరుకు. అందువలన అది దూరము పోక, దగ్గరలోనే చీకటి మూల వెదకికొనుట తరచుగా కాననగును. 1936 జూలై 25న టోక్యోలోని ఉయెనో జంతుశాల నుండి నల్ల చిరుత తప్పించుకొనగా నగరమంతయు తల్లడిల్లెను. అది ఆనాడే, జంతుశాల సమీపమున, నేల క్రింది కాలువలో దొరికెను. 2011 మార్చిలో న్యూయార్కులోని బ్రాంక్స్ జంతుశాల నుండి ఈజిప్టు నాగుపాము కానరాకుండ పోయెను. ఎవరో పరిహాసమునకు ఆ పాము పేరిట ట్విట్టరులో వ్రాయుచుండగా, రెండు లక్షలకు పైగా జనులు ఆ నగర విహారపు కబుర్లను చదివి నవ్వుకొనిరి. నిజమైన పాము మార్చి 31న సర్పశాల భవనములోనే, ఒక చీకటి మూలలో దొరికెను.

నిజమైన అపాయము

ఇంతమాత్రమున అపాయమే లేదని తలచుట పొరపాటు. 2015 జూన్ 13వ తేదీ రాత్రి జార్జియా దేశ రాజధాని ట్బిలిసీలో వెరె నదికి వరద వచ్చి జంతుశాల మునిగిపోయెను. నీటి యేనుగు యొకటి నడివీధికి రాగా మత్తు మందుతో పట్టిరి. క్రూరమృగములు ఇక బయట లేవని అధికారులు ప్రకటించిరి. జూన్ 17న, ఒక గిడ్డంగిలో దాగియున్న తెల్లపులి ఒక మనుష్యుని చంపెను. పోలీసులు దానిని కాల్చివేసిరి. కూడని సమయమున చెప్పిన ధైర్యవచనము 1874 నాటి అబద్ధము కంటె తక్కువ ప్రమాదకరమైనది కాదు.

పులిని మత్తు సూదితో పట్టరాదా యని పలువురు ప్రశ్నింతురు. సూదిలోని మందు కండరము నుండి నెత్తురులోనికి చేరి మెదడును సోకుటకు కొన్ని నిమిషములు పట్టును. పులి లంఘించుటకు ఒక్క క్షణము చాలును. దగ్గరలో జనులు లేనిచో వైద్యుడు ఆ నిమిషములు వేచియుండగలడు; గుంపు చేరినచో తుపాకియే గతి యగును. కనుక గుంపు చెదరిపోవుట జంతువునకు కూడ ప్రాణదానమే.

ఇట్టి వార్త వినినపుడు చేయవలసినది కొంచెమే. ఇంటిలో నుండుట, బిడ్డలను, పశువులను లోపలికి చేర్చుట, నిజముగా చూచినచో చోటు, వేళ, దూరము, వెలుతురు ఎట్లున్నదియు అధికారులకు తెలుపుట, వినిన మాటను చూచినట్లు చెప్పకుండుట. జంతువు ఎదురుపడినచో వెన్ను చూపి పరుగెత్తరాదు. దానికి దారి వదలి మెల్లగా వెనుకకు తగ్గవలెను. జపాను జంతుశాలలలో ఉద్యోగులు జంతు వేషము వేసికొని, తప్పించుకొన్న మృగమును పట్టు సాధన చేయుదురు. చూచుటకు నవ్వు వచ్చును గాని, ఆపదలో చేతులు తడబడకుండుటకు ఇదియే మార్గము.

ఉపాధ్యాయులు తరగతిలో ఒక ప్రయోగము చేయవచ్చును. మసకగా నున్న జంతువు బొమ్మ నొకదానిని ఎన్నుకొని, తరగతిలో సగము మందికి “పిల్లిని చూపుచున్నాను” అనియు, తక్కిన సగము మందికి విడిగా “చిరుతను చూపుచున్నాను” అనియు చెప్పి, రెండు క్షణములు చూపి తీసివేయవలెను. తాము చూచిన చెవులు, తోక, మచ్చలు ఎట్లున్నవో విద్యార్థులు ఒకరితో ఒకరు మాటలాడక వ్రాయవలెను. తరువాత రెండు కట్టల కాగితములను పోల్చి చూడుడు. కంటితో చూచినది ఎంత, చెవితో వినినది ఎంత అన్నది ఆ కాగితములే చెప్పును.