తొలకరి తర్వాత మొలిచే తెల్ల గొడుగులు: సాలన్ వండే ముందు ఒక్క మాట

వానలు మొదలైతే చాలు, దివిసీమలో తోటల నీడన, గుడివాడ వైపు కాలవ గట్ల మీద, మచిలీపట్నంలో ఇళ్ల పెరళ్లలో రాత్రికి రాత్రే తెల్లటి గొడుగులు లేస్తాయి. పొద్దున్నే పిల్లలు గుప్పిట్లో పట్టుకొచ్చి "అమ్మీ, ఖుంబీ దొరికింది, సాలన్ చెయ్" అంటారు. చెయ్యొచ్చా? ఏది ఏమిటో గట్టిగా తెలియకపోతే చెయ్యొద్దు. ఎందుకో చూద్దాం.

మన పెద్దవాళ్లు ఇష్టంగా తిన్నవి ముఖ్యంగా రెండు. ఒకటి పేరులోనే పుట్ట ఉన్న పుట్టగొడుగు. చెదపురుగులు ఎండుటాకులు, పుల్లలు నమిలి గూటి లోపల ఒక రకం బూజును పెంచుకుంటాయి, అదే వాటికి తిండి. వానాకాలంలో ఆ బూజు నుంచే గొడుగు పైకి వస్తుంది. అందుకే అది ఏటా అదే పుట్ట దగ్గర మొలుస్తుంది. దాని కాడ వేరులాగా సాగి కింద గూటి దాకా వెళ్తుంది. రెండోది గడ్డివాము దగ్గర వచ్చే వరిగడ్డి పుట్టగొడుగు. మొగ్గగా ఉన్నప్పుడు కోడిగుడ్డులా ఉంటుంది. విచ్చుకున్నాక కాడ అడుగున చిన్న సంచి మిగులుతుంది.

చిక్కంతా ఇక్కడే ఉంది. ప్రాణం తీసే అమానిటా జాతి గొడుగులు కొన్ని కూడా మొగ్గలో గుడ్డులాగే ఉంటాయి. వాటికీ కాడ అడుగున సంచి ఉంటుంది. ముదిరాక మాత్రం తేడా కనిపిస్తుంది. వరిగడ్డి రకానికి గొడుగు కింద రేకులు గులాబీ రంగుకు మారతాయి, అమానిటాలకు మామూలుగా తెల్లగానే ఉంటాయి. కానీ మనం కోసేది లేతగా ఉన్నప్పుడే కదా! ఆస్ట్రేలియాలోని కాన్‌బెర్రాలో 2011 డిసెంబర్ 31 రాత్రి విందులో 'డెత్ క్యాప్' అనే అమానిటా తిని ఇద్దరు చనిపోయారు. వరిగడ్డి పుట్టగొడుగని పొరబడి ఉంటారని అప్పట్లో చెప్పుకున్నారు. చదువులకు, ఉద్యోగాలకు అక్కడికి వెళ్లిన మన పిల్లలకు కూడా ఈ మాట చేరాలి. ఇక్కడ తిన్నదే అక్కడా మొలిచిందని అనుకోకూడదు.

ఇంకో మోసగత్తె ఉంది. గడ్డి ఉన్నచోట, పెరట్లో పళ్లెమంత వెడల్పున, తెల్లటి తల మీద గోధుమరంగు పొలుసులతో నిలబడుతుంది. శాస్త్రం పేరు క్లోరోఫిల్లమ్ మోలిబ్డైటిస్. వేడి దేశాలన్నిటా ఉంటుంది. లేతప్పుడు కింద రేకులు తెల్లగా ఉంటాయి, ముదిరాక ఆకుపచ్చకు తిరుగుతాయి. తింటే ఒకటి నుంచి మూడు గంటల్లో వాంతులు, విరేచనాలు పట్టుకుంటాయి. పిల్లల ఒంట్లో నీరు తొందరగా ఇంకిపోతుంది.

ఇక ఇళ్లలో చెప్పుకునే పరీక్షలు. వెండి చెంచా నల్లబడకపోతే మంచిది, వెల్లుల్లి రంగు మారకపోతే మంచిది, పురుగు తింటే మనమూ తినొచ్చు అంటారు. ఇవేవీ నిజం కావు. మనిషి కాలేయాన్ని పాడుచేసే విషాన్ని పురుగులు, కొన్ని జంతువులు తట్టుకుంటాయి. ఎంతసేపు ఉడికించినా, ఎండబెట్టినా డెత్ క్యాప్ విషం విరగదు.

దాని అసలు ప్రమాదం ఆలస్యంలో ఉంది. తిన్న వెంటనే ఏమీ అనిపించదు. ఆరు నుంచి పన్నెండు గంటల తర్వాత, ఒక్కోసారి ఇంకా ఆలస్యంగా, కడుపునొప్పి, వాంతులు మొదలవుతాయి. మర్నాడు కాస్త తేరుకున్నట్టు ఉంటుంది. "తగ్గిందిలే" అని ఇంట్లోనే ఉండిపోతారు. లోపల మాత్రం కాలేయం దెబ్బతింటూ ఉంటుంది, మూడు నాలుగు రోజులకు పరిస్థితి చెయ్యి దాటిపోతుంది. 2022 ఏప్రిల్‌లో అస్సాంలో అడవి పుట్టగొడుగులు తిని కొద్ది రోజుల్లోనే 13 మంది చనిపోయారు. వాళ్లలో ఎక్కువమంది తేయాకు తోటల కుటుంబాలవాళ్లే.

మన ఇళ్లలో ఇంకో మాట వినిపిస్తుంది. ఖుంబీ నీళ్లు కళ్లకు షిఫా అని హదీసులో ఉంది కదా అంటారు. ఆ హదీసులో వచ్చే మాట 'కమ్అ'. అది అరబ్ ఎడారుల్లో ఇసుక కింద ఊరేది. గొడుగూ ఉండదు, కాడా ఉండదు, బంగాళాదుంపలా ఉంటుంది. కువైట్‌లో పనిచేసి వచ్చినవాళ్లను అడగండి, అక్కడ దాన్ని 'ఫగా' అంటారు, చలికాలంలో బజారుకు వస్తుంది. మన తోటలో మొలిచేది అది కాదు. దీని రసం పిల్లల కళ్లలో పిండొద్దు. కంటి బాధ ఉంటే కంటి డాక్టరు దగ్గరికి వెళ్లండి.

ఒకవేళ ఎవరైనా తినేశారనుకోండి, లక్షణాల కోసం ఎదురుచూడొద్దు. 108కి ఫోన్ చేయండి, లేదా నేరుగా పెద్దాసుపత్రికి వెళ్లండి. ఆ కూర తిన్నవాళ్లందరూ వెళ్లాలి, బాగానే ఉన్నవాళ్లు కూడా. మిగిలిన పుట్టగొడుగును, ఆఖరికి చెత్తబుట్టలో పడేసిన ముక్కనైనా, కాగితంలో చుట్టి తీసుకెళ్లండి. ప్లాస్టిక్ కవర్లో వేస్తే కుళ్లిపోతుంది. మొలిచిన చోట ఇంకోటి ఉంటే పైనా కిందా, కాడ అడుగునా ఫోన్లో ఫొటో తీయండి. ఎన్ని గంటలకు తిన్నారో డాక్టరుకు చెప్పండి. ఉప్పునీళ్లు తాగించి వాంతి చేయించొద్దు.

తినాలని ఉంటే సాగు చేసినవి బజార్లో దొరుకుతున్నాయి. పాల పుట్టగొడుగులు మన వేడికి బాగా పండుతాయి. ముత్యపు చిప్ప రకమూ ఉంది, బటన్ రకమూ ఉంది. పుట్టగొడుగు హలాలే, కానీ ప్రాణానికి హాని అని భయమున్నది నోట్లో పెట్టుకోమని ఎవరూ చెప్పలేదు. తోటలో మొలిచినదాన్ని పిల్లలకు చూపించండి, పేరు చెప్పండి, అక్కడే ఉండనివ్వండి. ముట్టుకుంటే మాత్రం చేతులు కడిగించండి.