కీమో దూరపు ఊళ్లో.. జ్వరం మన ఇంట్లో!

మదనపల్లె, పుంగనూరు, కుప్పం.. ఈ మూడు ఊళ్లలో ఎవరికైనా లంగ్ క్యాన్సర్ అని తేలితే ఇంట్లో మొదట వచ్చే ప్రశ్న 'ఏ ఊరికి పోదాం?' అనే. వేలూరు సీఎంసీనా, బెంగళూరు కిద్వాయ్‌నా, లేక తిరుపతా? ఎటు పోయినా గంటల ప్రయాణం. ట్రీట్‌మెంట్ అక్కడ జరుగుతుంది. రెండో రోజో, పదో రోజో సైడ్ ఎఫెక్ట్స్ మొదలయ్యేది మాత్రం ఇక్కడ, మన ఇంట్లో. ఆ టైమ్‌లో పక్కన ఉండేది డాక్టరు కాదు.. మీరు! అందుకే ఏది ఇంట్లో సర్దుకోవచ్చు, దేనికి ఒక్క గంట కూడా ఆగకూడదు అన్నది మీకు తెలిసి ఉండాలి.

అన్ని దగ్గులూ టీబీ కాదు

మదనపల్లెకి ఊపిరితిత్తుల జబ్బులు కొత్తేమీ కాదు. డెన్మార్క్ డాక్టర్ ఫ్రిమోట్ మోలర్ పనిచేసిన ఆరోగ్యవరం శానిటోరియం ఇక్కడిదే. మందులు లేని రోజుల్లో మంచి గాలి, విశ్రాంతి, తిండితో టీబీని ఎదుర్కోవడానికి ఎక్కడెక్కడి నుంచో జనం వచ్చేవాళ్లు.

ఇప్పటికీ దగ్గు తగ్గకపోతే మన నోట మొదట వచ్చే మాట టీబీనే. ఆ అనుమానం తప్పు కాదు. కానీ ఎక్స్‌రేలో మచ్చ రెండింటిలోనూ కనిపించొచ్చు. కళ్లె పరీక్షలో టీబీ క్రిమి దొరక్కపోయినా, మందులు వాడుతున్నా దగ్గు ఆగకపోయినా, రక్తం పడుతున్నా, బరువు తగ్గుతున్నా సీటీ స్కాన్, బయాప్సీ గురించి అడగండి. 'అమ్మ ఎప్పుడూ బీడీ ముట్టలేదు కదా' అని ఊరుకోవద్దు. పొగ తాగనివాళ్లకీ ఈ క్యాన్సర్ వస్తుంది.

ఏ ట్రీట్‌మెంట్‌కి ఏ ఇబ్బంది?

కీమో అంటే వాంతులు, నీరసం, నోటిపూత, జుట్టు రాలడం. కొన్ని మందులకి వేళ్లు తిమ్మిర్లెక్కుతాయి. చొక్కా గుండీ పెట్టుకోవడం కూడా కష్టమవుతుంది. ఛాతీకి రేడియేషన్ ఇస్తే రెండు మూడు వారాలకి మింగేటప్పుడు మంట మొదలవుతుంది. గెఫిటినిబ్, ఓసిమెర్టినిబ్ లాంటి టార్గెటెడ్ మాత్రలకి మొహం మీద మొటిమల్లాంటి దద్దుర్లు, విరేచనాలు, గోళ్ల పక్కన పుండ్లు వస్తాయి. ఇమ్యునోథెరపీ తీరు వేరు. ఒంట్లోని రక్షణ వ్యవస్థ మన ఊపిరితిత్తుల మీదకో, పేగుల మీదకో, థైరాయిడ్ మీదకో తిరగబడొచ్చు. కొన్ని నెలల తర్వాత కూడా!

అందుకే 'కీమో అంటే ఇంతేలే' అని అన్నింటినీ ఒకే గాటన కట్టకండి. ఇచ్చిన మందు పేరు, తేదీ ఫోన్‌లో రాసుకోండి. దద్దుర్లు వస్తే ఫొటో తీసి పెట్టండి. డాక్టరు అడిగినప్పుడు అవే మాట్లాడతాయి.

100.4 దాటిందా? బయల్దేరండి

ఒక్క విషయమే గుర్తుంటుందంటే ఇది గుర్తుపెట్టుకోండి. కీమో తర్వాత సుమారు 7 నుంచి 14 రోజుల మధ్య తెల్ల రక్తకణాలు బాగా పడిపోతాయి. అప్పుడు జ్వరం 100.4 ఫారెన్‌హీట్ చేరిందంటే అది మామూలు జ్వరం కాదు, ఎమర్జెన్సీ. 'డోలో వేసి పొద్దున చూద్దాంలే' అంటే ప్రాణం మీదికి రావచ్చు. పారాసెటమాల్ జ్వరాన్ని కప్పేస్తుంది, లోపలి ఇన్ఫెక్షన్ ఆగదు. వేలూరుకో, బెంగళూరుకో కారు మాట్లాడే లోపు టైమ్ అయిపోతుంది. ముందు దగ్గర్లో 24 గంటలూ పనిచేసే పెద్దాసుపత్రికి పోవాలి. కుప్పం వైపు వాళ్లకి పీఈఎస్ మెడికల్ కాలేజీ ఆసుపత్రి ఉంది. లోపలికి అడుగు పెట్టగానే చెప్పాల్సిన మాట: 'పేషెంట్ కీమోలో ఉన్నారు, ఫలానా తేదీన ఇచ్చారు.' ఆ ఒక్క మాటతో రక్తపరీక్ష, యాంటీబయాటిక్ త్వరగా మొదలవుతాయి. ఇంట్లో థర్మామీటర్ లేకపోతే ఈరోజే కొనండి.

ఉన్నట్టుండి ఆయాసం పెరిగినా, దగ్గులో రక్తం ఎక్కువ పడినా, ఛాతీ నొప్పి వచ్చినా, మాట తడబడినా అంతే.. 108కి ఫోన్ చేయండి. రేడియేషన్ అయిపోయిన ఒకటి నుంచి ఆరు నెలల్లోపు పొడిదగ్గు, ఆయాసం వస్తే 'చలి పడలేదేమో' అనుకోకండి. ఊపిరితిత్తి వాచి ఉండొచ్చు, దానికి మందు ఉంది.

టమాటా ఊళ్లో టమాటా వద్దు

మదనపల్లెలో ఉండి టమాటా లేకుండా వంటా? అవును, నోటిపూత తగ్గేదాకా అంతే. టమాటా, చింతపండు, పచ్చిమిరప పుండు మీద కారం చల్లినట్టే. గోరువెచ్చని రాగిజావ, మెత్తటి సంగటిలోకి కమ్మని పప్పు, పెరుగన్నం, బాగా ఉడికిన గుడ్డు పెట్టండి. ఒకేసారి కంచం నిండా కాకుండా రెండు మూడు గంటలకోసారి కొంచెం కొంచెం. వాసనకే వికారం వస్తుంటే వేడి తగ్గాక పెట్టండి. గ్లాసుడు గోరువెచ్చని నీళ్లలో పావు స్పూను ఉప్పు, పావు స్పూను వంటసోడా కలిపి రోజుకి నాలుగైదు సార్లు పుక్కిలించాలి.

వాంతుల మాత్ర వాంతి వచ్చాక కాదు, డాక్టర్ రాసిన టైమ్‌కే వేయాలి. అలారం పెట్టండి. పాలు పుంగనూరు ఆవువే అయినా సరే, కాచకుండా ఇవ్వొద్దు. వాట్సాప్‌లో వచ్చిన ఆకుపసరు, నాటుమందు డాక్టర్‌కి చెప్పకుండా అస్సలు వద్దు. కొన్ని మందులతో అవి పడవు.

మామూలు ఆయాసానికి చిన్న ఉపాయం ఉంది. కూర్చుని కొంచెం ముందుకి వంగి, మోచేతులు తొడల మీద ఆనించాలి. ముక్కుతో పీల్చి, ఈల వేసినట్టు పెదాలు సున్నా చుట్టి మెల్లగా వదలాలి. మొహానికి ఫ్యాన్ గాలి తగిలితే ఇంకా హాయి.

దారి ఖర్చు

ట్రీట్‌మెంట్‌కి వెళ్లే క్యాన్సర్ పేషెంట్‌కి రైల్వే స్లీపర్, థర్డ్ ఏసీలో పూర్తి రాయితీ ఇస్తుంది. తోడు వెళ్లేవాళ్లకి 75 శాతం. ఆసుపత్రి ఇచ్చే సర్టిఫికెట్ ఉండాలి. కుప్పం స్టేషన్ నుంచి ఒక వైపు బెంగళూరు, ఇంకో వైపు వేలూరుకి దగ్గరి కాట్పాడి. ఈ రాయితీ ప్రతి ట్రిప్పుకీ పనికొస్తుంది. ఎన్టీఆర్ వైద్య సేవ కార్డు ఏ ఆసుపత్రిలో చెల్లుతుందో బయల్దేరకముందే 104లో కనుక్కోండి.

'ఆయనకి చెప్పొద్దు'

చాలా ఇళ్లలో జరిగేదిదే. నాయనకి తెలిస్తే భయపడతాడని రిపోర్టు దాచేస్తారు. కానీ తనకి ఇస్తున్నది కీమో అని తెలియని మనిషి, రాత్రి వచ్చిన జ్వరాన్ని మామూలు జ్వరమనుకుని దుప్పటి కప్పుకుని పడుకుంటాడు. వేళ్ల తిమ్మిరిని వయసు మీదకి నెట్టేస్తాడు. ఎంత తెలుసుకోవాలనుందో ఆయన్నే అడగండి. అంతవరకు నిజం చెప్పండి. 'జ్వరం వస్తే అర్ధరాత్రైనా నన్ను లేపు నాయనా' అన్న మాట మాత్రం తప్పకుండా చెప్పండి. చూసుకునే మీకే దిగులు కమ్మేస్తే 14416 టెలీ మానస్‌కి ఫోన్ చేయండి, తెలుగులోనే మాట్లాడతారు.