మిత్రుడి కన్ను... మన బాణం!

కళ్లకు గంతలు. చేతిలో కర్ర. ఎదురుగా ఎక్కడో వేలాడుతున్న కుండ. సంక్రాంతి పోటీల్లో ఈ ఆట మొదలైతే చుట్టూ చేరినవాళ్లు ఊరుకుంటారా! ‘కుడికి జరగరా అబ్బాయ్’ అని ఒకరు, ‘కాదు కాదు, ఎడంపక్కకి’ అని మరొకరు. కుండ అందరికీ కనిపిస్తూనే ఉంటుంది, కర్ర పట్టినవాడికి తప్ప. అంతమంది కళ్లు సాయం ఉన్నా చాలాసార్లు దెబ్బ గాల్లోకే పోతుంది.

సరిగ్గా ఇదే చిక్కు మీద గంటల తరబడి వాదించుకునేవాళ్లు ప్రపంచమంతటా ఉన్నారు. వాళ్లంతా ‘డంజన్స్ అండ్ డ్రాగన్స్’ ఆటగాళ్లు!

నలుగురు కూర్చుంటే కథ

1974లో అమెరికాలో గ్యారీ గైగాక్స్, డేవ్ ఆర్నెసన్ తెచ్చిన ఆట ఇది. నలుగురైదుగురు బల్ల చుట్టూ కూర్చుంటారు. ఒకరు కథ నడుపుతారు. ఆ కథకుడే డంజన్ మాస్టర్. మిగతావాళ్లలో ఒకరు యోధుడు, ఒకరు మాంత్రికుడు, ఇంకొకరు దొంగ. ‘తలుపు తీస్తా’ అని ఆటగాడంటే, లోపల ఏముందో కథకుడు చెబుతాడు. కత్తి తగిలిందా లేదా అన్నది ఇరవై ముఖాల పాచిక తేలుస్తుంది. 2016లో మొదలైన ‘స్ట్రేంజర్ థింగ్స్’ సీరియల్‌లో పిల్లలు ఆడేది ఈ ఆటే.

ఇప్పుడు అసలు ప్రశ్న. గోడకి అవతల రాక్షసుడున్నాడు. కిటికీ దగ్గరున్న యోధుడికి కనిపిస్తున్నాడు. మాంత్రికుడేమో ఇవతల ఉన్నాడు. ‘నువ్వు చూసి చెప్పు, నేను మంత్రం వేస్తా’ అంటే కుదురుతుందా?

చూపు వేరు... దారి వేరు

కుదరదంటాయి నిబంధనలు. చాలా మంత్రాలకు ‘నీకు కనిపించే శత్రువు’ అన్న షరతు ఉంటుంది. స్నేహితుడికి కనిపిస్తే చాలదు. పైగా మంత్రం వేసేవాడి నుంచి శత్రువు దాకా అడ్డులేని దారి ఉండాలి.

మాంత్రికుడికి ఓ సదుపాయం మాత్రం ఉంది. గుడ్లగూబనో పిల్లినో తోడుగా పిలుచుకోవచ్చు. మన మాయల ఫకీరు చిలకలో ప్రాణం దాచుకుంటే, ఈయన గుడ్లగూబలో చూపు పెడతాడన్నమాట! వంద అడుగుల లోపు అది ఎక్కడున్నా దాని కళ్లతో చూడొచ్చు. అయితే 2014 నాటి నిబంధనల్లో అంతసేపూ తన సొంత కళ్లు కనపడేవి కావు, చెవులు వినపడేవి కావు. తాకితేనే పనిచేసే మంత్రాన్ని ఆ జీవి చేత పంపొచ్చు. మిగతా మంత్రాలు మాత్రం మాంత్రికుడి దగ్గరి నుంచే బయల్దేరాలి. మధ్యలో గోడ అలాగే ఉంటుంది మరి!

మొండికేసి చూడకుండానే నిప్పుబంతి విసిరితే? 2014లో వచ్చిన అయిదో కూర్పు దానికీ జవాబు చెప్పింది. కనపడని చోటికి గురిపెట్టినప్పుడు మధ్యలో గోడ ఉంటే, ఆ బంతి గోడకి ఇవతలే పేలుతుంది. ఇరవై అడుగుల మేర మంట. అక్కడ ఉండేది ఎవరు? మనవాళ్లే!

విభీషణుడు చేసిన పని

ఈ చిక్కు మనకు కొత్తదేం కాదు. రామాయణంలో ఇంద్రజిత్తు మాయలో దాగి బాణాలు వేస్తాడు. రామలక్ష్మణులు నాగాస్త్ర బంధంలో పడిపోయినప్పుడు వానరులు ఆకాశమంతా వెతికినా వాడు కనపడడు. ఒక్క విభీషణుడికి మాత్రం కనిపిస్తాడు. కానీ ఏం లాభం? విల్లు పట్టినవాళ్లకి కనపడలేదుగా!

అందుకే తర్వాత విభీషణుడు ‘అదిగో అక్కడ’ అని చెప్పి ఊరుకోలేదు. ఇంద్రజిత్తు హోమం చేస్తున్న నికుంభిలకు లక్ష్మణుణ్ని స్వయంగా తీసుకెళ్లాడు. హోమం చెడగొట్టించి వాణ్ని బయటికి రప్పించాడు. వాడు ఏ మర్రిచెట్టు దగ్గర పూజచేసి మాయమవుతాడో చూపించి, అక్కడికి చేరకముందే కొట్టమన్నాడు. తన చూపుని లక్ష్మణుడికి అరువివ్వలేదు. లక్ష్మణుడి కళ్లకే శత్రువు కనపడేలా చేశాడు. తేడా అదీ!

వాలిసుగ్రీవుల పోరులోనూ అంతే. అన్నదమ్ములిద్దరూ ఒకేలా ఉంటే రాముడు మొదటిసారి బాణమే వేయలేదు. రెండోసారి సుగ్రీవుడి మెడలో గజపుష్పి మాల వేయించాకే గురిపెట్టాడు. ఆటలోని ‘ఫేరీ ఫైర్’ మంత్రం దీనికి దూరపు చుట్టం. అది తగిలిన శత్రువు చుట్టూ రంగు వెలుగు అంటుకుంటుంది. ఇక మాయలో దాక్కున్నా లాభం లేదు, అందరికీ గురి కుదురుతుంది. రాముడు మిత్రుడికి గుర్తు పెడితే, ఆటలో శత్రువుకి పెడతారు.

మరి చూడకుండా వేస్తే ఏమవుతుందో దశరథుణ్ని అడగాలి. సరయూ ఒడ్డున కుండ మునిగిన చప్పుడు విని, ఏనుగనుకుని శబ్దభేది బాణం వదిలాడు. తగిలింది నీళ్లకొచ్చిన మునికుమారుడికి.

మన మజిలీ కథల్లోనూ...

ఒకరి కళ్లు మరొకరికి సాయమవడం గోదావరి వాళ్లకు బాగా తెలుసు. రాజమహేంద్రవరానికి చెందిన మధిర సుబ్బన్న దీక్షితులు రాసిన ‘కాశీ మజిలీ కథలు’ నడిచేదే ఆ ఒప్పందం మీద. మజిలీ చేసిన చోటల్లా గోపకుమారుడు ఊళ్లోకి వెళ్లి ఓ వింత చూసొస్తాడు. దాని కథేమిటని అడుగుతాడు. మణిసిద్ధుడు మణి మహిమతో తెలుసుకుని చెబుతాడు. కుర్రాడు చూడకపోతే కథ మొదలవదు, సిద్ధుడు చెప్పకపోతే పూర్తవదు. అక్కడ కథే కాబట్టి విన్నా చాలు. బాణం అయితే చాలదు.

మాట కూడా బాణం లాంటిదే కదా! ‘వాళ్లు చూశారట’ అంటూ ఫోన్లో వచ్చిన మెసేజిని పదిమందికి పంపే ముందు, ఆటలో మాంత్రికుడికి పెట్టిన షరతు మనకి మనం పెట్టుకుంటే మంచిది. నాకు కనిపిస్తోందా? మధ్యలో గోడేమైనా ఉందా? పేలితే ఎవరి మీద పేలుతుంది?

పిల్లలు ఈసారి పాచికలు ముందేసుకుని మంత్రాలూ రాక్షసులూ అంటుంటే కసురుకోకండి. పక్కన కూర్చోండి. కథ నడపడానికి మనిషి కావాలంటే ఇంట్లో అమ్మమ్మ ఉండనే ఉందిగా. ఇంద్రజిత్తు మాయలన్నీ ఆవిడకు కంఠతా వచ్చు!