విండోస్‌లో బిల్డ్ ఎర్రరా? చివరి లైన్ కాదు, మొదటి ఎర్రర్ చూడండి

అమలాపురమో, రాజోలో, కొత్తపేటో... ఇంట్లో కూర్చుని ఓపెన్ సోర్స్ సాఫ్ట్‌వేర్ కంపైల్ చేద్దామంటే ముందు అయిపోయేది మొబైల్ డేటా, ఆ తర్వాత ఓపిక. కానీ ఫ్రెండ్స్, ఎక్కువసార్లు తప్పు కోడ్‌లో ఉండదు, మన సెటప్‌లో ఉంటుంది.

ఫొటోలోని తెలుగు అక్షరాలను టెక్స్ట్‌గా మార్చే టెసరాక్ట్‌నే తీసుకుందాం. హెచ్‌పీలో పుట్టి, 2005లో ఓపెన్ సోర్స్ అయింది. ఊరికే వాడుకోవడానికైతే రెడీమేడ్ ఇన్‌స్టాలర్ చాలు. కోడ్ మార్చాలనుకుంటేనే ఈ తిప్పలన్నీ.

ఎర్రర్లు వరసగా పడ్డాయా? పైకి స్క్రోల్ చేసి మొదటిది పట్టుకోండి. లింకర్ ఇచ్చే 1120 నంబర్ ఎర్రర్, ఎన్ని సింబల్స్ దొరకలేదో చెప్పే లెక్క మాత్రమే. అసలు సంగతి దాని పైనే ఉంటుంది.

1. కంపైలర్ దొరకలేదంటే: విజువల్ స్టూడియో బిల్డ్ టూల్స్‌లో సీ ప్లస్ ప్లస్ డెస్క్‌టాప్ ఆప్షన్ టిక్ చేశారో లేదో చూడండి. మామూలు కమాండ్ ప్రాంప్ట్ వద్దు. స్టార్ట్ మెనూలో 'నేటివ్ టూల్స్' ప్రాంప్ట్ ఉంటుంది, 64 బిట్‌ది ఓపెన్ చేయండి.

2. ఫైల్ ఉన్నా లేదంటుంటే: విండోస్‌లో పాత్ పొడవుకు 260 అక్షరాల పాత లిమిట్ ఇంకా చాలా టూల్స్‌ని ఇబ్బంది పెడుతుంది. ఫోల్డర్ పేరులో ఖాళీలున్నా, తెలుగు అక్షరాలున్నా కొన్ని స్క్రిప్టులు తడబడతాయి. సీ డ్రైవ్‌లో నేరుగా చిన్న పేరుతో ఫోల్డర్ పెట్టుకోండి.

3. లెప్టోనికా లేదంటే: టెసరాక్ట్‌కు ఈ ఇమేజ్ లైబ్రరీ తప్పనిసరి. వీసీపీకేజీతో వేసుకున్నా, దాని టూల్‌చైన్ ఫైల్ ఎక్కడుందో సీమేక్‌కు చెప్పాలి. చెప్పాక కూడా అదే ఎర్రర్ వస్తే, సీమేక్ పాత సమాధానమే గుర్తుపెట్టుకుందన్నమాట. బిల్డ్ ఫోల్డర్ డిలీట్ చేసి మళ్లీ మొదలుపెట్టండి.

4. 1112 నంబర్ లింకర్ ఎర్రర్ వస్తే: 32 బిట్, 64 బిట్ ఫైల్స్ కలిసిపోయాయి. అన్నీ 64 బిట్‌వే వేసుకోండి.

5. హాష్ కలవలేదంటే: డౌన్‌లోడ్ మధ్యలో తెగి ఉండొచ్చు. ఆ ఫైల్ తీసేసి మళ్లీ దింపండి.

ఒక్కసారి బిల్డ్ అయిందా, వెంటనే వీసీపీకేజీ ఫోల్డర్ మొత్తం పెన్‌డ్రైవ్‌లోకి కాపీ చేసి పెట్టుకోండి. 2022 మే 24 అమలాపురం ఘటనల తర్వాత కోనసీమలో నెట్ ఆపేసిన రోజులు గుర్తున్నాయిగా? అలాంటప్పుడు ఆ కాపీయే దిక్కు. మామూలు రోజుల్లో అయితే మీ ఫ్రెండ్‌కి అంత డేటా మిగిలినట్టే.