తాళం బొమ్మ ఉంటే అసలు సైటేనా?

"తాలం బొమ్మ ఉన్నాది గదేటి బాబూ! మా గుంటడే సెప్పినాడు, తాలం ఉంటే బయం నేదని."

నౌపడ జంక్షన్ దగ్గర మా వీధిలో ఉండే అక్క ఈ మాట అన్నప్పటి నుంచి నా మనసు కుదురుగా లేదు. ఆమె ఉప్పు మడుల్లో కూలి పని చేస్తుంది. కొడుకు చెన్నైలో ఉంటాడు. అతను పంపిన పార్సిల్ కోసం ఎదురుచూస్తున్న రోజుల్లోనే ఆమె ఫోన్‌కు మెసేజ్ వచ్చింది. చిరునామా సరిగా లేదు, 25 రూపాయలు కట్టి సరిచేసుకోండి అని. లింకు నొక్కితే పేజీ తెరుచుకుంది. రంగులు, గుర్తు, అక్షరాలు అన్నీ అచ్చం ఆ పార్సిల్ సంస్థవే. పైన తాళం బొమ్మ కూడా ఉంది. కార్డు మీది అంకెలు కొట్టింది, వచ్చిన ఓటీపీ కొట్టింది. 25 రూపాయలు పోవలసిన చోట 18,000 పోయాయి. అందులో సగం కూలి డబ్బు, మిగతాది పొదుపు సంఘంలో తీసుకున్న అప్పు.

కొడుకు తప్పు చెప్పాలని చెప్పలేదు. అతనికి ఎవరో చెప్పారు. ఆ ఎవరికో నాలాంటి వాళ్లు చెప్పారు. టెక్కలిలో పిల్లలకు కంప్యూటర్ పాఠాలు చెప్పిన రోజుల్లో, డబ్బు కట్టే ముందు తాళం ఉందో లేదో చూడండి అని నేనే బోర్డు మీద రాశాను. అది పాతబడిన పాఠమని ఆ పిల్లలకు మళ్లీ చెప్పే వీలు నాకు దొరకలేదు. అందుకే ఈ అపోహ గురించి తీరిగ్గా రాస్తున్నాను.

నౌపడలో ఉప్పు లోడు వెళ్లడం చూడని వాళ్లుండరు. బస్తా నోరు కుట్టి, లారీ మీద టార్పాలిన్ కప్పి, తాళ్లు బిగిస్తారు. ఆ బిగింపు చెప్పేది ఒక్కటే, దారిలో ఎవరూ బస్తా విప్పలేదని. బస్తాలో ఉన్నది ఉప్పా ఇసుకా, అమ్మినవాడు మంచివాడా కాదా అన్నది ఆ తాడు చెప్పదు. బ్రౌజర్‌లో తాళం కూడా అంతే. మీ ఫోన్ నుంచి ఆ సైటు దాకా వెళ్లే అక్షరాలను మధ్యలో ఎవరూ చదవలేరు, మార్చలేరు అని మాత్రమే దాని అర్థం. అవతలి కొసన కూర్చున్నది దొంగ అయితే, మీ కార్డు నంబరు ఆ దొంగ చేతికే భద్రంగా, ఎవరి కంటా పడకుండా చేరుతుంది.

ఒకప్పుడు ఈ సలహాలో కొంత నిజం ఉండేది. తాళానికి కావలసిన సర్టిఫికెట్‌ను సైటు పెట్టినవాళ్లు డబ్బు పెట్టి కొనుక్కోవాలి, కాగితాలు నడపాలి. చిల్లర దొంగలు అంత శ్రమ పడేవాళ్లు కాదు. 2015 డిసెంబరులో లెట్స్ ఎన్‌క్రిప్ట్ అనే లాభాపేక్ష లేని సేవ అందరికీ అందుబాటులోకి వచ్చింది. సర్టిఫికెట్ ఉచితం, మనిషి ప్రమేయం లేకుండా నిమిషాల్లో వచ్చేస్తుంది. అది మంచి పని, ఇంటర్నెట్ మీద దొంగచూపులు దానివల్ల చాలా తగ్గాయి. కానీ ఆ సేవ అడిగేది ఒకే ప్రశ్న: ఈ చిరునామా నీ చేతిలో ఉందా? నువ్వు ఎవరు, ఏం వ్యాపారం చేస్తావు అని అడగదు. అడగడం దాని పని కూడా కాదు. ఆపైన 2018 జూలై నుంచి తాళం లేని సైట్లకు క్రోమ్ 'సురక్షితం కాదు' అని ముద్ర వేయడం మొదలుపెట్టింది. ఇక తాళం లేకుండా దుకాణం తెరిచే దొంగ ఎవడుంటాడు? ఈరోజు నకిలీ సైట్లలో చాలావాటికి తాళం ఉంటుంది.

ఈ సంగతి బ్రౌజర్ తయారుచేసినవాళ్లే ఒప్పుకున్నారు. 2021లో గూగుల్ చేసిన పరిశీలనలో తాళం గుర్తుకు సరైన అర్థం చెప్పగలిగినవాళ్లు 11 శాతమే. 2023 సెప్టెంబరులో క్రోమ్ ఆ బొమ్మనే తీసేసి, రెండు గీతల మీద రెండు చుక్కలున్న సెట్టింగుల గుర్తు పెట్టింది. అక్క ఫోన్‌లో అప్పుడున్నది పాత బ్రౌజర్. అందులో తాళం ఇంకా వేలాడుతూనే ఉండేది. తీసేసిన బొమ్మను నమ్మమని చెప్పే ఫార్వర్డులు మన వాట్సాప్ గ్రూపుల్లో ఇప్పటికీ తిరుగుతున్నాయి. పంపేవాళ్లు ఒక్క నిమిషం ఆగి సరిచూసుకుంటే ఏం పోతుంది?

అవతలి వైపు ఎవరుంటారో కూడా తెలుసుకోవాలి. డేటా ఎంట్రీ ఉద్యోగాలని నమ్మించి మన ఉత్తరాంధ్ర కుర్రాళ్లను కంబోడియాకు తరలించి, అక్కడ బంధించి, సాటి భారతీయులనే మోసగించే పని చేయించారని 2024 మేలో విశాఖ పోలీసులు బయటపెట్టారు. అది కార్ఖానాలా నడిచే వ్యవహారం. పేజీ అందంగా ఉండాలి, భాషలో తప్పులు ఉండకూడదు, తాళం ఉండాలి అని వాళ్లకు మనకంటే బాగా తెలుసు.

మరి చూడవలసింది ఏమిటి? చిరునామా. అదీ చివరి నుంచి. మన పేర్లలో ఇంటిపేరు ముందుంటుంది, వెబ్ చిరునామాలో ఇంటిపేరు వెనకుంటుంది. హెచ్‌టీటీపీఎస్ పక్కన ఉండే రెండు ఏటవాలు గీతలను వదిలేసి, ఆ తర్వాత వచ్చే మొదటి గీత దగ్గర ఆగండి. అక్కడి నుంచి వెనక్కి చదవండి. ముందు భాగంలో ఎంత పెద్ద బ్యాంకు పేరైనా పెట్టుకోవచ్చు, ఎవరూ అడ్డుకోరు. చివర 'డాట్ ఎక్స్‌వైజెడ్' అనో, 'కేవైసీ-అప్‌డేట్ డాట్ టాప్' అనో ఉంటే అది బ్యాంకు ఇల్లు కాదు. ప్రభుత్వ సైటైతే చాలావరకు చివర 'గవ్ డాట్ ఇన్' ఉంటుంది. పీఎం కిసాన్ సైటు అలాగే ముగుస్తుంది. ఆ ఇంటిపేరు ప్రభుత్వ సంస్థలకు తప్ప బయటివాళ్లకు ఇవ్వరు.

బ్యాంకులకు ఇలాంటి రక్షణ ఇంతకాలం లేదు. ఇప్పుడు వచ్చింది. బ్యాంకులన్నీ 2025 అక్టోబరు 31 నాటికి 'డాట్ బ్యాంక్ డాట్ ఇన్' చిరునామాకు మారాలని రిజర్వు బ్యాంకు ఆదేశించింది. ఆ చిరునామాలు ఇచ్చే అధికారం హైదరాబాదులోని బ్యాంకింగ్ సాంకేతిక సంస్థ ఐడీఆర్‌బీటీ ఒక్కదానికే ఉంది. ఉచితంగా నిమిషాల్లో దొరికే తాళానికీ దీనికీ తేడా అదే, ఇక్కడ అడిగినవాడు బ్యాంకేనా అని చూసి ఇస్తారు. తాళం గురించి పంపిన ఫార్వర్డులన్నిటికీ బదులు ఈ ఒక్క వాక్యం పంపండి: బ్యాంకు సైటు చివర 'బ్యాంక్ డాట్ ఇన్' ఉందో లేదో చూడు.

అలసిన కళ్లతో, చిన్న తెర మీద అక్షరాలు లెక్కపెట్టడం అందరికీ సాధ్యం కాదని నాకు తెలుసు. ఆ పని, పాస్‌వర్డులను గుర్తుపెట్టుకునే పాస్‌వర్డ్ మేనేజరుకు అప్పగించవచ్చు. పాస్‌వర్డులన్నీ ఒకచోట పెడితే ఒకేసారి పోతాయి అని దాన్ని వద్దనేవాళ్లున్నారు. అన్ని సైట్లకూ పిల్ల పేరు, పుట్టిన సంవత్సరం కలిపి ఒకే పాస్‌వర్డు పెట్టుకునేవాళ్లే ఈ మాట ఎక్కువగా అంటారు. పోలీసు బట్టలు వేసుకొచ్చినవాణ్ని చూసి మనం మోసపోతాం. ఇంటి కుక్క మోసపోదు, అది బట్టలు చూడదు, వాసన చూస్తుంది. పాస్‌వర్డ్ మేనేజరు కూడా పేజీ రంగులు చూడదు, చిరునామానే చూస్తుంది. అసలు సైటులో పాస్‌వర్డును తనంతట తానే నింపుతుంది, నకిలీ దాంట్లో నింపదు. రోజూ నింపేది ఈరోజు నింపలేదంటే, చేత్తో కొట్టడానికి తొందరపడకండి. అక్కడే ఆగండి. క్రోమ్, ఫైర్‌ఫాక్స్ రెంటిలోనూ ఇది ఉచితంగా ఉంది.

బ్రౌజర్‌లో ఇప్పటికే ఉన్న ఇంకో కాపలాదారు సేఫ్ బ్రౌజింగ్. ప్రమాదకరమైన పేజీ తెరవబోతే తెరంతా ఎర్రగా చేసి ఆపేది అదే. అయితే అది ఎర్రబడలేదు కాబట్టి సైటు మంచిదే అనుకోవడం మరో అపోహ. హానికరమైన సైటు సగటున పది నిమిషాలు కూడా బతకడం లేదని గూగుల్ 2024 మార్చిలో చెప్పింది. జాబితాలోకి ఎక్కేలోపే దొంగ దుకాణం ఎత్తేసి పక్క వీధిలో తెరుస్తాడు. అందుకే ఫోన్‌లో దాచుకున్న జాబితాతో కాకుండా అప్పటికప్పుడు సరిచూసే పద్ధతికి మార్చారు. అది పనిచేయాలంటే బ్రౌజర్‌ను అప్‌డేట్ చేయాలి. డేటా అయిపోతుందని అప్‌డేట్ ఆపేసేవాళ్లు రీల్స్‌కు ఎంత ఖర్చవుతుందో చూసుకోవాలి.

ఇక మిగతా నమ్మకాలు. బ్రౌజర్‌లో ఇన్‌కాగ్నిటో ట్యాబ్ తెరిచి చూస్తే ఎవరికీ తెలియదు అంటారు. మీ ఫోన్ హిస్టరీలో ఉండదు, అంతే. అలా చూసినదీ సేకరించిందని అమెరికాలో 2020లో వేసిన దావాలో, కోట్లాది రికార్డులు చెరిపేయడానికి గూగుల్ 2024లో ఒప్పుకుంది. ఉచిత వీపీఎన్ పెడితే భద్రం అంటారు. మీ రాకపోకలన్నీ ఆ వీపీఎన్ నడిపేవాడి చేతుల మీదుగా వెళ్తాయి. ఫేస్‌బుక్ 2013లో కొన్న ఒనావో అనే వీపీఎన్, జనం ఏ యాప్‌లు వాడుతున్నారో గమనించే సాధనమైంది, 2018లో ఆపిల్ స్టోరు నుంచి దాన్ని తీసేయాల్సి వచ్చింది. పైగా నకిలీ పేజీలో మీ చేత్తో మీరు కొట్టిన ఓటీపీని ఏ వీపీఎనూ ఆపలేదు. 'మీ ఫోన్‌లో 13 వైరస్‌లు ఉన్నాయి' అని పేజీలో మెరిసేది ప్రకటన. వెబ్ పేజీ మీ ఫోన్‌ను పరీక్షించలేదు. ట్యాబ్ మూసేయండి.

ఒక్క నమ్మకం దగ్గర మాత్రం నేను తగ్గాలి. ప్రకటనలు ఆపే యాడ్ బ్లాకరు ఉంటే మోసాలు తగ్గుతాయి అన్న మాటను చాలా రోజులు కొట్టిపారేశాను. పత్రికలు, చిన్న సైట్లు ప్రకటనల మీదే బతుకుతాయి, వాటి నోటి దగ్గర కూడు తీయడం నాకు నచ్చదు. కానీ గూగుల్‌లో కస్టమర్ కేర్ అని వెతికితే మొదట కనిపించేది చాలాసార్లు ఎవరో డబ్బు కట్టి పెట్టుకున్న ప్రకటన. అసలు సంస్థల పేర్లతో దొంగలు అలాంటి ప్రకటనలు కొంటున్నారని, యాడ్ బ్లాకరు వాడమని 2022 డిసెంబరులో అమెరికా ఎఫ్‌బీఐయే హెచ్చరించింది. కాబట్టి ఆ మాటలో నిజం ఉంది. ఆండ్రాయిడ్ ఫోన్‌లో అయితే ఫైర్‌ఫాక్స్‌లో యూబ్లాక్ ఆరిజిన్ పెట్టుకోవచ్చు. ఇష్టమైన పత్రిక సైటుకు మినహాయింపు ఇచ్చుకునే వీలు అందులోనే ఉంది, ఇవ్వండి. ఆ పేరును పోలిన నకిలీలు ఉంటాయి, తయారుచేసినవారి పేరు రేమండ్ హిల్ అని ఉందో లేదో చూసి పెట్టుకోండి.

యాంటీవైరస్ ఉంది కదా, ఏ లింకైనా నొక్కొచ్చు అనుకునేవాళ్లకు ఒక మాట. పీఎం కిసాన్ పేరుతో, పెళ్లి శుభలేఖల పేరుతో వాట్సాప్‌లో తిరిగిన ఏపీకే ఫైళ్లు, అంటే ఫోన్‌లో యాప్ ఎక్కించే ఫైళ్లు, గోడ దూకి రాలేదు. మనమే 'అనుమతించు' నొక్కి లోపలికి పిలిచాం. ఎస్సెమ్మెస్ చదివే అనుమతి ఇచ్చామంటే ఓటీపీ మనకంటే ముందు వాడికే చేరుతుంది. ప్లే స్టోరు బయటి నుంచి వచ్చిన ఏపీకేను, పంపింది సొంత బావమరిది అయినా సరే, తెరవకండి. అతని ఫోన్ ఇప్పటికే దొంగల చేతిలో ఉండవచ్చు. పొరపాటున తెరిచి ఉంటే, కేంద్ర ప్రభుత్వ సైబర్ భద్రతా సంస్థ సెర్ట్-ఇన్ ఆధ్వర్యంలో 2017 ఫిబ్రవరి 21న మొదలైన సైబర్ స్వచ్ఛతా కేంద్రం సైటులో శుభ్రపరిచే సాధనాలు ఉచితంగా దొరుకుతాయి. ఫోన్ల కోసం అక్కడ ఉంచిన ఎం-కవచ్‌ను తయారుచేసింది మన హైదరాబాదులోని ప్రభుత్వ పరిశోధన సంస్థ సీ-డాక్ వాళ్లే. డబ్బు పెట్టి కొనేముందు అది చూడండి.

అక్క మూడు రోజులు ఎవరికీ చెప్పలేదు. కొడుకు తిడతాడని, సంఘంలో నలుగురూ నవ్వుతారని. నాకు అన్నిటికంటే బాధ కలిగించింది ఇదే. డబ్బు పోయిన వెంటనే సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేస్తే, అది దొంగ ఖాతా నుంచి ఇంకో ఖాతాకు జారిపోకముందే నిలిపేసే అవకాశం ఉంది. గంటలు గడిచేకొద్దీ ఆ అవకాశం కరిగిపోతుంది. 2017 జూలైలో రిజర్వు బ్యాంకు ఇచ్చిన ఆదేశం ప్రకారం, ఓటీపీ మనమే ఇచ్చినా సరే, బ్యాంకుకు ఫిర్యాదు చేసిన తర్వాత పోయే డబ్బుకు బాధ్యత బ్యాంకుదే. అంటే ముందు ఫోన్, తర్వాత ఏడుపు. తిట్లు కూడా తర్వాతే. ఇంట్లో మగవాళ్లు, చదువుకున్న పిల్లలు ఈ మాట గుర్తుంచుకోవాలి. మీ తిట్టుకు భయపడి దాచిన ప్రతి గంటా దొంగకు లాభం.

మొన్న ఆదివారం అక్క ఫోన్‌లో బ్రౌజర్ అప్‌డేట్ చేశాను. తాళం బొమ్మ పోయింది. ఆమె కంగారు పడింది, మళ్లీ మొదటి నుంచి చెప్పాను. తర్వాత సుద్దముక్క తీసుకుని వాళ్ల గుమ్మం పక్కన, కరెంటు మీటరు చెక్క మీద 1930 అని పెద్ద అంకెల్లో రాశాం.