సెకండ్‌హ్యాండ్ స్పోర్ట్స్ బైక్: ముందు ఫ్రేమ్, తర్వాతే ఇంజిన్

హైదరాబాద్ పాతబస్తీలో ఆర్‌15 లాంటి సెకండ్‌హ్యాండ్ స్పోర్ట్స్ బైక్ కొనబోయే కుర్రాళ్లు ముందు ఇంజిన్ శబ్దం వింటారు. అసలు ముందు చూడాల్సింది ఫ్రేమ్. స్పోర్ట్స్ బైక్‌కి ఒళ్లంతా ప్లాస్టిక్ తొడుగే (ఫెయిరింగ్). బండి పడినా కొత్త ఫెయిరింగ్ బిగించి రంగు కొడితే దెబ్బ కనపడదు. హ్యాండిల్ చివరలు, లివర్ల కొసలు, ఫుట్‌రెస్ట్ అంచులు రాసుకుపోయాయేమో చూడండి. హ్యాండిల్‌ని రెండువైపులా పూర్తిగా తిప్పి, అది ఆగేచోట ఫ్రేమ్‌కున్న స్టాపర్ మీద టార్చి వేయండి. అది నొక్కుకుపోయినా, చిట్లినా గట్టి దెబ్బ తగిలిందని అనుమానించాల్సిందే.

ఇంజిన్ బాగుంటే చాలు, మిగతావి మార్పించుకోవచ్చంటారు కొందరు. నిజానికి పిస్టన్, క్లచ్ ప్లేట్లు మార్చడం మెకానిక్‌కి రోజువారీ పని. ఫ్రేమ్ అలా కాదు. ఛాసిస్ నంబరు దాని మీదే ఉంటుంది, ఆర్‌సీ ఆ నంబరుతోనే ముడిపడి ఉంటుంది. అంకెలు సరిపోలకపోయినా, గీకినట్టున్నా బేరం మానుకోండి. తెలిసినవాళ్ల బండే కదా, పేరు మార్పు తర్వాత చూద్దామనే మాటా చెల్లదు. ప్రమాదం జరిగితే బాధ్యత రిజిస్టర్డ్ యజమానిదేనని సుప్రీంకోర్టు 2018లో తేల్చింది కాబట్టి, అమ్మేవాళ్లకూ తొందర ఉండాలి. పేరు మార్పుకి కావాల్సిన 29, 30 ఫారాలపై సంతకాలు, ఫైనాన్స్ ఉంటే 35 కూడా చేతికొచ్చాకే డబ్బు లెక్కపెట్టండి.