మోకాలి నొప్పి మాట ఎంతవరకు నమ్మాలి?

తొలకరి పడిందంటే కర్నూలు జిల్లా తుగ్గలి, జొన్నగిరి చుట్టుపక్కల చేలల్లో వజ్రాల వేట మొదలవుతుంది. పొద్దు పొడిచింది మొదలు గొంతుక్కూర్చుని మట్టి వెతకడం, లేవడం, రెండడుగులు వేసి మళ్లీ కూర్చోవడం. ఎమ్మిగనూరులో గుంట మగ్గం తొక్కే నేతగాడికీ, ఆదోని మార్కెట్ యార్డులో మూటలెత్తే హమాలీకీ, ఊరి బయట కబడ్డీ ఆడే కుర్రాడికీ కూడా మోకాలు ఆడితేనే రోజు గడిచేది. ఆ మోకాల్లో లిగమెంట్ తెగి ఆపరేషన్ అయిందంటే, ఇంటికొచ్చిన తొలి రాత్రుల్లో మనిషి ధ్యాసంతా నొప్పి మీదే.

ఆ నొప్పికి హడలిపోయేవాళ్లున్నారు, పళ్ల బిగువున ఓర్చుకునేవాళ్లున్నారు. ఇద్దరి నమ్మకమూ ఒకటే: నొప్పి ఎంతుంటే లోపల దెబ్బ అంత. మోకాలి లిగమెంట్ దగ్గర ఈ లెక్క తప్పుతుంది. అదీ రెండు వైపులా తప్పుతుంది.

చిన్న గాట్లు, పెద్ద పని

మోకాలి నడిమధ్య రెండు లిగమెంట్లు ఒకదాన్నొకటి అడ్డంగా దాటుతూ ఉంటాయి. ముందుదాన్ని డాక్టర్లు ఏసీఎల్ అంటారు. పొడవు మూడు సెంటీమీటర్లకు కాస్త అటూ ఇటూ. పరుగులో ఉన్నవాడు పాదం నేలకు ఆన్చి ఒళ్లు తిప్పినా, బైకు జారి కాలు మెలిపడినా తరచుగా తెగేది ఇదే. తెగిన కొసలు వాటంతట అవి అతుక్కోవడం అరుదు. అందుకే తొడ వెనకనున్న స్నాయువుల్నో, మోకాలి చిప్ప కింది స్నాయువులో నడిమి పట్టీనో తీసి కొత్త లిగమెంటుగా అమరుస్తారు. తొడ ఎముకలో ఒకటి, కాలి ఎముకలో ఒకటి సొరంగాలు తొలిచి, దాన్ని అందులోంచి లాగి బిగిస్తారు.

పైకి కనిపించేవి చిన్న గాట్లే కాబట్టి ‘ఇంతదానికి ఇంత నొప్పా’ అనిపిస్తుంది. కానీ ఎముకను కప్పిన పొర నిండా నరాల కొసలుంటాయి. స్నాయువు తీసిన చోటు మరో గాయం. కీలు లోపల చేరిన నెత్తురూ నీరూ వీటికి తోడు. ఇంత జరిగాక నొప్పి రావడం సహజం. కొత్త లిగమెంట్ జారిపోయిందనడానికి అది గుర్తు కాదు.

మత్తు దిగే వేళ

వెన్నులో ఇచ్చిన మత్తు కొన్ని గంటల్లో దిగుతుంది. దానితోపాటు తొడ నరం దగ్గర కూడా మందు ఇస్తే, దాని పట్టు దాదాపు 12 నుంచి 24 గంటలుంటుంది. చిక్కంతా ఇక్కడే. నొప్పి తెలియదు కదా అని మాత్ర పక్కన పెడతారు. ‘ఓర్చుకో నాయనా, ఊరికే మాత్రలు మింగితే వేడి చేస్తాది’ అని అమ్మ కూడా అంటుంది. మత్తు దిగేసరికి అర్ధరాత్రి అవుతుంది, నొప్పి ఒక్క ఊపున మీద పడుతుంది. అప్పుడు వేసుకున్న మాత్ర పట్టు చూపడానికి అరగంటో గంటో కావాలి.

దెబ్బతిన్న చోట ప్రోస్టాగ్లాండిన్లు అనే రసాయనాలు పుడతాయి. అవి నరాల కొసలను రెచ్చగొట్టి, మామూలు స్పర్శకే నొప్పి పుట్టేలా చేస్తాయి. ఆస్పిరిన్ జాతి మందులు వీటి తయారీనే ఆపుతాయని శాస్త్రవేత్త జాన్ వేన్ 1971లో చూపించాడు. 1982లో నోబెల్ అందుకున్నవాళ్లలో ఆయనొకడు. నొప్పి సంకేతాలు ఎడతెగకుండా వస్తుంటే వెన్నుపాములోని నాడీకణాలే అతిగా స్పందిస్తాయని మరో శాస్త్రవేత్త క్లిఫర్డ్ వుల్ఫ్ 1983లో తేల్చాడు. నొప్పి ముదిరాక దించడం కష్టమయ్యేది ఇందుకే. మొదటి రెండు మూడు రోజులు డాక్టరు రాసిన మాత్ర గడియారం చూసి వేసుకోవాలి, నొప్పి చూసి కాదు.

జాగ్రత్తలూ ఉన్నాయి. పెద్దవాళ్లకు పారాసెటమాల్ రోజుకు 4 గ్రాములు దాటకూడదు. రెండు మూడు మందులు కలిపిన మాత్రల్లోనూ అది ఉంటుంది కాబట్టి అదీ లెక్కలో చేర్చాలి. డైక్లోఫెనాక్ లాంటివి కడుపులో పుండ్లున్నవాళ్లకూ, కిడ్నీ జబ్బున్నవాళ్లకూ ప్రమాదం. మా వైపు ఎండల్లో నీళ్లు సరిగా తాగకపోతే ఆ ముప్పు ఇంకా పెరుగుతుంది. ట్రమడాల్ మలబద్ధకం తెస్తుంది. మోకాలు మడవలేని మనిషికి గొంతుక్కూర్చునే దొడ్డి ఉన్న ఇంట్లో అది చిన్న కష్టం కాదు; కుర్చీ కమోడ్ ముందే తెచ్చిపెట్టుకోవాలి.

దిండు చేసే కీడు

ఆపరేషనైన కాలిని గమనించండి. కాస్త వంగి ఉండటానికే చూస్తుంది. దాదాపు 30 డిగ్రీల వంపులో కీలు చుట్టూ ఉన్న సంచిలో చోటు పెరిగి, నిండిన నీటి ఒత్తిడి తగ్గుతుంది. ఇంట్లోవాళ్లు ప్రేమకొద్దీ మోకాలి కింద దిండు పెడతారు, రోగికి హాయిగా నిద్ర పడుతుంది. అలాగే వారాలు గడిస్తే మోకాలు తిన్నగా చాచడం పోతుంది, నడకలో కుంటు మిగులుతుంది. దిండు పెట్టాల్సింది మడమ కింద. మోకాలి వెనక ఖాళీ ఉండాలి, కాలు గుండెకంటే ఎత్తులో ఉండాలి.

మోకాల్లో నీరు చేరితే తొడ ముందు కండరానికి అందే ఆజ్ఞను వెన్నుపామే తగ్గించేస్తుంది. బిగించమంటే బిగుసుకోదు. కాలు చచ్చుబడిందని చాలామంది కంగారుపడేది అప్పుడే. వాపు తగ్గించి, మోకాలిని మంచానికేసి అదిమి తొడ బిగించే కసరత్తు రోజూ పలుమార్లు చేస్తే కండరం మేలుకుంటుంది. రోజూ కర్నూలు పోయి ఫిజియోథెరపీ చేయించుకోవడం తుగ్గలి మనిషికి అయ్యే పని కాదు కాబట్టి, ఆ కసరత్తులు ఆస్పత్రిలోనే నేర్చుకుని రావాలి. మాత్ర వేసుకున్న గంటకు వాటికి కూర్చుంటే సులువు.

మంచం దిగి కాలు కిందికి వేలాడేయగానే నెత్తురు దిగి, పిండేసినట్టు నొప్పి వస్తుంది. కుట్లు తెగాయేమోనని మనిషి బెదిరిపోతాడు. పాదం కాసేపు పైకీ కిందికీ ఆడించి, తర్వాత చంకకర్రల మీద లేస్తే అది సర్దుకుంటుంది.

ఐసుగడ్డ నలగ్గొట్టి కవర్లో వేసి, తువ్వాలు చుట్టి 15–20 నిమిషాలు పెడితే నొప్పి తగ్గుతుంది. స్పర్శ, ఒత్తిడి లాంటి సంకేతాలు వెన్నుపాములో నొప్పి సంకేతాన్ని అడ్డుకోగలవని శాస్త్రవేత్తలు మెల్జాక్, వాల్ 1965లో ప్రతిపాదించారు. కాపడం, ఆముదంతో మర్దన మాత్రం ఈ తొలి రోజుల్లో వద్దు. వేడికి వాపు పెరుగుతుంది. పిక్కలో నెత్తురు గడ్డకట్టి ఉంటే, మర్దనకు అది కదిలి ఊపిరితిత్తుల్లో చిక్కుకోవచ్చు.

కొన్ని నొప్పులనూ గుర్తులనూ మాత్రం వెంటనే నమ్మాలి: పిక్క గట్టిపడి వాచడం, ఛాతీలో నొప్పి లేదా ఆయాసం, జ్వరంతోపాటు పెరిగే మోకాలి నొప్పి, గాయంలోంచి చీము, ఏ మందుకూ లొంగక వేళ్లు తిమ్మిరెక్కించే నొప్పి. వీటికి తెల్లారేదాకా ఆగకుండా ఆస్పత్రికి బయల్దేరాలి.

నొప్పి మాట్లాడనప్పుడు

లెక్క రెండోవైపు తప్పేది ఆ తర్వాత. కొన్ని వారాలకు నొప్పి చాలావరకు పోతుంది. కానీ అమర్చిన స్నాయువుకు మొదట్లో సొంత నెత్తురు సరఫరా ఉండదు. పాత కణాలు పోయి కొత్తవి వచ్చే దశలో, సుమారు ఆరు నుంచి పన్నెండు వారాల మధ్య, అది బాగా బలహీనపడుతుంది. నొప్పి లేదు కదా అని చేలోకో, కబడ్డీ బరిలోకో దిగితే మళ్లీ తెగే కాలం అదే. ఆటలకు కనీసం తొమ్మిది నెలలు ఆగమంటారు. 1994లో మోకాలి లిగమెంట్ తెగి, శస్త్రచికిత్సల తర్వాత మళ్లీ కోర్టులోకి వచ్చిన బ్యాడ్మింటన్ ఆటగాడు పుల్లెల గోపీచంద్ ఆల్ ఇంగ్లండ్ టైటిల్ గెలిచింది 2001లో.

అందుకే డిశ్చార్జి రోజున డాక్టరుతో నాలుగు సంగతులు కాగితం మీద రాయించుకోండి: ఏ మాత్ర ఏ గంటకు, ఎన్నాళ్లు; కాలి మీద ఎంత బరువు మోపొచ్చు; మోకాలు ఏ వారానికి ఎంత మడవొచ్చు; బరువు పనికి ఎప్పుడు పోవచ్చు. మోకాల్లో మెనిస్కస్ అనే మెత్తటి మృదులాస్థికి కూడా కుట్లు పడి ఉంటే ఈ లెక్కలు మారతాయి. నొప్పి గట్టిగా అరిచిన రోజైనా, నోరు మెదపని రోజైనా నడుచుకోవాల్సింది ఆ కాగితం ప్రకారమే.